ఆరు విస్తళ్ళ బంతి

ఇంట్లో వస్తువులకు పేర్లు రాసుకోం. గొడుగు ఎవరు కొన్నా, వానలో బయటికి వెళ్ళాల్సినవాళ్ళు పట్టుకెళతారు. పొద్దున్నే వచ్చిన పేపరు తాతయ్య చేతిలోంచి మనవడి చేతికి, అక్కడి నుంచి వంటింటి అరల్లోకి చేరుతుంది. "ఇది నాది, ముట్టుకోవద్దు" అనడం మన ఇళ్ళలో మర్యాద కింద లెక్కకు రాదు. కంప్యూటరూ ఫోనూ వచ్చాక వాటికీ అదే అలవాటు అంటింది. అన్నయ్య కొన్న సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్ కీని చెల్లి లాప్‌టాప్‌లోనూ కొడతాం. ఒకే గూగుల్ ఖాతాతో మూడు ఫోన్లు నడుపుతాం. కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ మీద పిల్లవాడి హోంవర్కు సాగుతుంది. ఇంజినీరింగ్ చదివే అబ్బాయికి విద్యార్థి అని ఉచితంగా ఇచ్చిన డిజైన్ సాఫ్ట్‌వేర్‌తో బాబాయి కాంట్రాక్టు పనికి ప్లాన్లు తయారవుతాయి. ఈ నాలుగు పనులనూ మనం "షేరింగ్" అనే ఒక్క మాటతో పిలుస్తాం. నిజానికి ఇవి నాలుగూ నాలుగు దారులు, వాటి కష్టనష్టాలూ వేరు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ పంచుకోవడానికి మనకు బాగా తెలిసిన బంతి భోజనమే మంచి నమూనా అని ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేది. వంట ఒకటే, బంతి ఒకటే, ఎవరి విస్తరి వాళ్ళది. అందరూ ఒకే విస్తట్లో చేతులు పెట్టడం ఆప్యాయంగా కనిపిస్తుంది గానీ, కంప్యూటర్ల విషయంలో చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

ముందుగా డబ్బు కట్టి మనం కొన్నదేమిటో తేల్చుకోవాలి. "పుస్తకం కొంటే ఇంటిల్లిపాదీ చదువుతాం. మనిషికో ప్రతి కొనమని ప్రచురణకర్త వచ్చి అడగడు. సాఫ్ట్‌వేర్‌కి ఏమిటంత ప్రత్యేకత?" అని ఎవరైనా అంటే కొట్టిపారేయడానికి లేదు. ఈ వాదనకు సుప్రీంకోర్టు తీర్పు కూడా ఒకటి అండగా కనిపిస్తుంది, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసు. రెడీమేడ్‌గా అమ్మే సాఫ్ట్‌వేర్ మీద అమ్మకం పన్ను కట్టాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అంది. ఇది చేతికి చిక్కే వస్తువు కాదు గనక పన్ను పడదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వాదించింది. 2004 నవంబరు 5న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, సీడీలోనో ఫ్లాపీలోనో పెట్టి బజారులో అమ్మే సాఫ్ట్‌వేర్ సరుకేనని తేల్చింది. సరుకే అయినప్పుడు కుక్కర్ లాగా, కుర్చీ లాగా అది ఇంటందరిదీ కావాలి కదా? దీనికి జవాబు 2021 మార్చి 2న అదే కోర్టు ఇచ్చిన మరో తీర్పులో దొరుకుతుంది. విదేశీ కంపెనీల సాఫ్ట్‌వేర్‌కు చెల్లించే సొమ్ము రాయల్టీ అవుతుందా అన్న ఆదాయపు పన్ను వివాదం అది. కొన్నవాడికి దక్కేది ఆ ప్రతిని వాడుకునే హక్కు మాత్రమేనని, కాపీరైట్‌లో ఏ భాగమూ చేతులు మారదని కోర్టు చెప్పింది. రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టుకుంటే సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. జేబులో ఉన్న వంద నోటు మీదే, ఎలాగైనా ఖర్చు పెట్టుకోండి. నోట్లు అచ్చేసే యంత్రం మాత్రం మీది కాదు.

పుస్తకం అక్క చేతికి వెళ్ళినప్పుడు మన చేతిలో ఉండదు. అదే సాఫ్ట్‌వేర్‌ని అక్క లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తే మనది మన దగ్గరే ఉంటుంది, రెండోది కొత్తగా పుడుతుంది. పుస్తకంతోనే పోల్చాలంటే, జిరాక్స్ తీయించి పంచడంతో పోల్చాలి. ఈ పోలికకు రెండో వైపు కూడా ఉంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఇంట్లో ఉన్న ఒకే కంప్యూటర్‌ని అయిదుగురు వంతులవారీగా వాడుకుంటే అది అచ్చంగా పుస్తకం పంచుకోవడమే. విండోస్ లైసెన్సు యంత్రానికి ఇచ్చినది. ఆ యంత్రంలో అమ్మకొకటి, నాన్నకొకటి, పిల్లలకొకటి చొప్పున విడివిడి యూజర్ ఖాతాలు పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. చేతిలో ఉన్న ఈ వెసులుబాటును వదిలేసి, అందరూ ఒకే ఖాతాలో దూరి డెస్క్‌టాప్ నిండా ఒకరి ఫైళ్ళ మీద ఒకరి ఫైళ్ళు పోసుకునే ఇళ్ళే ఎక్కువ.

చట్టం సంగతి క్లుప్తంగా చూద్దాం. మన 1957 కాపీరైట్ చట్టం దృష్టిలో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన. కథలూ కవితలూ ఏ గదిలో ఉన్నాయో ట్యాలీ, ఫొటోషాప్ కూడా ఆ గదిలోనే ఉన్నాయి, కవులు నొచ్చుకున్నా సరే. సెక్షన్ 52 ప్రకారం న్యాయంగా కొన్నవాడు తన వాడకానికి అవసరమైన కాపీ చేసుకోవచ్చు, పాడైపోతే పనికొస్తుందని బ్యాకప్ దాచుకోవచ్చు. ఆ బ్యాకప్‌ని తమ్ముడికి ఇవ్వడానికి ఆ సెక్షన్ ఒప్పుకోదు. అనుమతి లేని ప్రతి అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల దాకా జుర్మానా. లాభం కోసమో వ్యాపారానికో వాడలేదని తేలితే, ప్రత్యేక కారణాలు రాసి, జైలు లేకుండా 50,000కు మించని జుర్మానాతో సరిపెట్టే వీలు కోర్టుకు ఉంది. ఇక్కడ పాఠకుడు నవ్వుకుంటాడని తెలుసు: "మా ఇంటికొచ్చి లాప్‌టాప్‌లు లెక్కపెట్టే పోలీసు ఎవరండీ?" ఎవరూ రారు. అక్కకు కీ ఇచ్చినందుకు ఎవరో జైలుకు వెళతారని బెదిరించడం నా ఉద్దేశం కాదు. బెదిరింపు మీద నిలబడే అలవాటు బెదిరింపు తగ్గగానే కూలుతుంది. చట్టం ఏమనుకున్నా సరే, కీని చేతులు మార్చడం కన్నా చోటు పంచుకోవడమే ఇంటికి లాభమని చూపగలిగితేనే ఈ అధ్యాయానికి అర్థం.

లాభం అనడానికి ఆధారం, కంపెనీలు లెక్క మార్చుకున్న తీరులోనే ఉంది. ఒకప్పుడు వాళ్ళు యంత్రాలను లెక్కపెట్టేవారు. ఆఫీస్ హోమ్ అండ్ స్టూడెంట్ 2010 పెట్టె కొంటే ఇంట్లో 3 కంప్యూటర్ల దాకా వేసుకునే వీలుండేది. 2013 రకం వచ్చేసరికి అది ఒక్క కంప్యూటర్‌కు కుదించుకుపోయింది. ఆ కంప్యూటర్ చెడిపోతే మరోదానికి మార్చుకోవడం కూడా కుదరదన్నారు. కొన్నవాళ్ళు గోల చేశాక, ఆ ఏడాది మార్చిలో మైక్రోసాఫ్ట్ మార్పిడికి మాత్రం ఒప్పుకుంది. పెట్టె మూత అలా బిగుస్తున్న రోజుల్లోనే చందా తలుపు తెరుచుకుంది. ఇప్పుడు మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీ తీసుకుంటే కట్టినవారితో కలిపి ఆరుగురు కూర్చోవచ్చు. ఒక్కొక్కరు ఒకేసారి 5 పరికరాల్లో లాగిన్ అయి ఉండవచ్చు, ఒక్కొక్కరికి విడిగా 1 టీబీ వన్‌డ్రైవ్. డబ్బు కట్టిన పెద్దమనిషికైనా మిగిలిన అయిదుగురి ఫైళ్ళు కనిపించవు. కొత్తగా చేర్చిన కోపైలట్ ఏఐ సదుపాయం మాత్రం కట్టినవారి విస్తట్లోనే వడ్డిస్తారు, తక్కినవాళ్ళకు అందదు. గూగుల్ ఫ్యామిలీ గ్రూపులోనూ ఆరుగురే. 2014లో ఐఓఎస్ 8తో వచ్చిన ఆపిల్ ఫ్యామిలీ షేరింగ్‌లోనూ ఆరుగురే. ఆటల కోసం 2024లో స్థిరపడిన స్టీమ్ ఫ్యామిలీస్‌లోనూ ఆరుగురే. అమ్మానాన్నా, మనమిద్దరం, ఇద్దరు పిల్లలు: ఆరుకు ఆరూ సరిపోయాయి. మూడో బిడ్డ ఉన్న ఇంటికి చాప చాలదు.

అన్ని బంతులూ ఒకేలా వడ్డించవు. ఈ తేడా తెలియక కొన్నాక తిట్టుకుంటాం. మైక్రోసాఫ్ట్‌లో ఎవరి వాటా వారిది. గూగుల్ వన్‌లో ఒక్కొక్కరికి తమ ఉచిత 15 జీబీ పోగా, కొన్న చోటంతా మధ్యలో పెట్టిన కూరగిన్నె లాంటిది, ఎవరు ఎంత తోడుకుంటే అంత. పెళ్ళి వీడియోలన్నీ ఒక్కరే ఎక్కించేస్తే మిగిలినవాళ్ళకు అడుగంటుతుంది. ఆపిల్, గూగుల్ దుకాణాల్లో కొన్న యాప్‌లను చాలావరకు కుటుంబంతో పంచుకోవచ్చు గానీ, యాప్ లోపల కొన్న నాణేలూ, ఆటల్లోని అదనపు దశలూ మామూలుగా ఎవరు కొంటే వాళ్ళవే. స్టీమ్‌లో ఇంకో సంగతి ఉంది: మీ ఆటను కుటుంబంలో ఎవరైనా ఆడుతూ మోసం చేసి నిషేధానికి గురైతే, ఆ ఆటలో మీ మీదా నిషేధం పడుతుంది. అల్లరి పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే ముందు ఆ మాట అతడికి చెప్పి ఉంచాలి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అని మన సామెత. ఈ బంతుల్లో వడ్డించేవాణ్ణి గూగుల్ మేనేజర్ అంటుంది, ఆపిల్ ఆర్గనైజర్ అంటుంది. ఎవరిని చేర్చాలో, ఎవరిని తీసెయ్యాలో ఆ మనిషి చేతిలో ఉంటుంది. ఆపిల్‌లో కొనుగోళ్ళు పంచుకునే ఏర్పాటు పెట్టుకుంటే, ఇంట్లో ఎవరు కొన్నా బిల్లు ఆ ఒక్కరి కార్డు మీదే పడుతుంది. పిల్లలు కొనబోతే ముందు అడిగేలా పెట్టే వీలూ ఆయనకే. మన ఇళ్ళలో ఈ పదవి సహజంగా అందరికన్నా ఎక్కువ సంపాదించేవాళ్ళకో, కంప్యూటర్ బాగా తెలిసిన కుర్రాడికో పోతుంది. నా మాట వింటే, రెన్యూవల్ తేదీ గుర్తుంచుకునే మనిషికి ఇవ్వండి. పాల లెక్క, గ్యాస్ బుకింగ్ ఎవరు చూస్తారో వాళ్ళకే ఈ పని కూడా బాగా అబ్బుతుంది.

ఇక అసలు చోటుకు వద్దాం. ఒకే ఖాతాను ఇంటిల్లిపాదీ వాడటం వల్ల జరిగే నష్టం లైసెన్సు నష్టం కన్నా చాలా పెద్దది. "నాన్నగారికి వేరే ఈమెయిల్ ఎందుకు, నా దానితోనే ఫోన్ తెరిచి ఇచ్చేశాను" అనుకుంటాడు కొడుకు. ఆ క్షణం నుంచి ఊళ్ళోని పాలవాడి నంబరు హైదరాబాద్‌లో కొడుకు ఫోన్‌లో కనిపిస్తుంది, కొడుకు ఆఫీసు నంబర్లు నాన్న ఫోన్‌లో కనిపిస్తాయి. ఇదంతా చిరాకు మాత్రమే. బ్రౌజర్‌లో కొడుకు భద్రపరిచిన పాస్‌వర్డులన్నీ కూడా నాన్న ఫోన్‌లోకి నిశ్శబ్దంగా దిగుతాయి, ప్రమాదం అక్కడుంది. రెండంచెల భద్రత పెట్టుకున్నా లాభం ఉండదు. ఎవరో ఆ ఖాతాలోకి చొరబడబోతే "ఇది మీరేనా?" అన్న ప్రశ్న లాగిన్ అయి ఉన్న ఫోన్లన్నింటికీ వెళుతుంది. ఏమిటో అర్థంకాని నాన్న, ఫోన్ ఏదో అడుగుతోంది కదా అని, "అవును" నొక్కేస్తారు. బ్యాంకు అధికారులమంటూ ఫోన్ చేసి స్క్రీన్ చూపించే యాప్ వేయించే మోసగాళ్ళు పెద్దవాళ్ళనే ఎక్కువగా వెతుక్కుంటారు. నాన్న ఖాతా విడిగా ఉంటే ఆ దెబ్బ ఆయన ఖాతా దగ్గర ఆగేది. ఒకే ఖాతా అయినప్పుడు ఇల్లంతా ఒక్క గొళ్ళెం మీద ఆధారపడి ఉంది.

పిల్లల విషయంలో ఇదే తప్పు మరో రూపంలో వస్తుంది. తొమ్మిదేళ్ళ పిల్ల చేతికి నలభై ఏళ్ళ మనిషి ఖాతా ఇస్తే, అవతలి యంత్రానికి కనిపించేది నలభై ఏళ్ళ మనిషే. వయసును బట్టి వేసిన కంచెలన్నీ వాటంతట అవే తెరుచుకుంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ళలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కించింది. తల్లిదండ్రుల అనుమతిని రుజువు చేసుకోకుండా వాళ్ళ డేటా వాడరాదంది, వాళ్ళ నడవడిని వెంటాడి గురిపెట్టే ప్రకటనలను కూడదంది. పిల్ల మన ఖాతాలో కూర్చున్నంతసేపూ ఈ రక్షణల్లో ఒక్కటీ ఆమెకు వర్తించదు, ఎందుకంటే అక్కడ పిల్ల ఉందనే కంపెనీకి తెలియదు. 1872 కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హతే లేదు. ఆమె నొక్కిన "అంగీకరిస్తున్నాను" బటన్లన్నీ ఖాతా ఎవరిదో వాళ్ళ మెడకే చుట్టుకుంటాయి. పిల్లకు పిల్ల ఖాతా తెరిచి, కుటుంబ గ్రూపులో చేర్చి, సమయం, యాప్‌లు, ఖర్చు మన ఫోన్ నుంచి చూసుకోవడం ఒక సాయంత్రం పని.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది, అది పెద్దల నుంచే వస్తుంది. "ఇంట్లో దాపరికం ఎందుకు? ఎవరి పాస్‌వర్డు వాళ్ళదంటే ఎవరి లోకం వాళ్ళదైపోదూ? భార్యాభర్తల మధ్య కూడా తాళాలా?" ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోను. ఒకే గదిలో నలుగురు నాలుగు తెరల్లోకి తలలు వంచుకుని కూర్చున్న దృశ్యం చూసి పుట్టిన భయం అది. కానీ ఆ దూరం విడి ఖాతాల వల్ల వచ్చింది కాదు. ఒకే పాస్‌వర్డుతో నడిచే ఇళ్ళలోనూ ఆ తలలు అలాగే వంగి ఉన్నాయి. పంచుకోవడానికీ బయటపడటానికీ తేడా ఉంది. విడి ఖాతాలున్న ఇంట్లో అమ్మ ఫొటోల ఆల్బమ్‌ను అందరికీ తెరిచిపెడుతుంది, నాన్న కరెంటు బిల్లుల ఫోల్డర్‌ని అమ్మతో పంచుకుంటారు, పరీక్షల తేదీలున్న క్యాలెండర్ అందరికీ కనిపిస్తుంది. వీటిలో ప్రతిదీ ఒకరు ఇచ్చినది, మరొకరు పుచ్చుకున్నది. ఒకే ఖాతా ఉన్న ఇంట్లో ఇవ్వడమూ లేదు, పుచ్చుకోవడమూ లేదు, అన్నీ కళ్ళబడతాయి, అంతే. డాక్టరుకు రాసిన మెయిల్, ఉద్యోగం మారాలని వెతికిన వెతుకులాట, పుట్టినరోజుకు రహస్యంగా కొన్న చీర, అన్నీ. ఇంట్లో మాటా మాటా పెరిగిన రోజున పాస్‌వర్డు ఎవరికి తెలుసో వాళ్ళదే పైచేయి అవుతుంది. మామూలుగా ఆ పైచేయి మగవాడిది, లేదా సంపాదించేవాడిది. పెద్దవాళ్ళకు సాయం అవసరమన్నది నిజం. దానికి వాళ్ళ పాస్‌వర్డు మన దగ్గర ఉండనక్కర్లేదు. రికవరీ నంబరుగా మన ఫోన్ ఇస్తే చాలు. వాళ్ళు మరిచిపోయినప్పుడు మనం తలుపు తీస్తాం, మిగతా రోజుల్లో వాళ్ళింట్లో వాళ్ళుంటారు.

ఆఫీసు లాప్‌టాప్ విషయంలో ఇంత మెత్తగా మాట్లాడలేను. 2020లో ఇళ్ళే ఆఫీసులైనప్పుడు, ఇంట్లో రెండో కంప్యూటర్ లేని చోట పిల్లల ఆన్‌లైన్ క్లాసులు వాటి మీదే జరిగాయి. ఆ అవసరాన్ని ఎవరూ తప్పుపట్టరు. అవసరం తీరాక అలవాటు మిగిలిపోయింది. ఇంటి సరదా సాఫ్ట్‌వేరూ కంపెనీ తాళాలూ ఒకే యంత్రం మీద కలిస్తే ఏమవుతుందో చూపడానికి 2022 నాటి లాస్ట్‌పాస్ ఉదంతం చాలు. కోట్లాది పాస్‌వర్డులు దాచిపెట్టే కంపెనీ అది. దాని కీలకమైన తాళాలు నలుగురు ఇంజినీర్ల దగ్గరే ఉండేవి. దొంగలు కంపెనీ గోడను బద్దలు కొట్టలేదు, ఆ నలుగురిలో ఒకరి ఇంటి కంప్యూటర్‌ని పట్టుకున్నారు. సినిమాలు, పాటలు చూసుకోవడానికి అందులో వేసుకున్న మీడియా సాఫ్ట్‌వేర్ ఏళ్ళ తరబడి అప్‌డేట్ కాలేదు. ఆ సందులోంచి దూరి, కొట్టే ప్రతి అక్షరాన్నీ దొంగిలించే ప్రోగ్రామ్‌ని పెట్టారు. ఆ ఇంజినీరు ఇంట్లో జరిగినది మన ఇళ్ళలో రోజూ జరిగేదే. కంపెనీ లాప్‌టాప్ మీద ఉన్న సాఫ్ట్‌వేర్ లైసెన్సు కంపెనీది, ఆ పనికిచ్చినది, మన కుటుంబం దాని బంతిలో లేదు. పిల్లవాడికి పాతదో, సెకండ్‌హ్యాండ్‌దో విడిగా ఒక యంత్రం చూడటం ఖర్చే అయినా, ఉద్యోగం ఖరీదుతో పోలిస్తే అది చిల్లర.

విద్యార్థి లైసెన్సులు ఇంకో రకం. ఆటోడెస్క్ తన ఆటోకాడ్‌ను విద్యార్థులకు ఏడాది చొప్పున ఉచితంగా ఇస్తుంది, చదువుతున్నంతకాలం పొడిగిస్తుంది. షరతు ఒక్కటే, చదువుకే వాడాలి. ఒకప్పుడు ఆ రకంతో గీసిన డ్రాయింగ్ ప్రింటు తీస్తే, ఇది విద్యా ప్రతితో తయారైందని నాలుగు అంచుల్లోనూ ముద్ర పడేది. అందులోంచి ఒక తలుపు బొమ్మ తీసి మామూలు డ్రాయింగ్‌లో అతికించినా ఆ ముద్ర దానికీ అంటుకునేది, అంటుముట్టు లాగా. ట్యాలీ ఇంకా చమత్కారంగా ఆలోచించింది. లైసెన్సు లేకుండా నేర్చుకునేవాళ్ళ కోసం ఇచ్చే ఎడ్యుకేషనల్ మోడ్‌లో నెలకు 1, 2, 31 తేదీల్లోనే పద్దులు రాయడం కుదురుతుంది. నేర్చుకోవడానికి అది ధారాళంగా సరిపోతుంది, కిరాణా కొట్టు నడపడానికి మాత్రం పనికిరాదు. ఇంటి కోసం తీసుకున్న చందాలకూ ఇదే గీత వర్తిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ లాంటివి సొంత వాడకానికి, వ్యాపారానికి కావు. అమ్మ ఇంట్లో చీరల వ్యాపారం మొదలుపెట్టి, జీఎస్టీ నంబరు తీసుకుని, బిల్లులు కొట్టే స్థాయికి వచ్చిందంటే ఆమె ఇంటి బంతి దాటి అంగట్లో కూర్చున్నట్టే. ఆ సాఫ్ట్‌వేర్ ఖర్చు వ్యాపారపు ఖర్చుల్లో రాసుకోవచ్చు, దాచుకోవలసిన పనేముంది.

"ఇవన్నీ కొనే స్తోమత ఉన్నవాళ్ళ కబుర్లు" అనే అభ్యంతరమే అన్నిటికన్నా బలమైనది. దానికి సగం జవాబు లెక్కలోనే ఉంది. ఫ్యామిలీ చందా మామూలుగా రెండు విడి చందాల కన్నా తక్కువకే వస్తుంది. ముగ్గురు నిజంగా వాడే ఇంట్లో అది చవక, ఒక్కరే వాడే ఇంట్లో దండగ. ఆరు చోట్లున్నాయి కదా అని కొనడం, సగం ధరకు వచ్చిందని అవసరం లేని చీర కొనడం లాంటిది. మిగతా సగం జవాబు: డబ్బు లేనప్పుడు క్రాక్ వైపు వెళ్ళకండి, ఉచితం వైపు వెళ్ళండి. క్రాక్, యాక్టివేటర్ అంటూ దొరికే ఫైళ్ళు ఎవరి పుణ్యానికీ తయారు కావు. ఇళ్ళలోని కంప్యూటర్లను ఎక్కువగా పట్టుకున్న స్టాప్ జేవూ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్ళకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రామ్) ప్రధానంగా వాటి వెంటే ప్రయాణించింది. ఎక్సెల్ ఖర్చు మిగులుతుందని మొదలుపెడితే పెళ్ళి ఫొటోలు పోతాయి.

పంచుకోవడాన్నే హక్కుగా పెట్టుకుని పుట్టిన సాఫ్ట్‌వేర్ లోకం ఒకటి ఉంది. పొరుగువాడికి ప్రతి ఇవ్వడం నేరమయ్యే పద్ధతే తప్పని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఆ దారిలో వచ్చిన లైసెన్సుల్లో చోట్ల లెక్కే ఉండదు. లిబ్రేఆఫీస్, వీఎల్‌సీ, బొమ్మలకు గింప్, పసిపిల్లలకు టక్స్ పెయింట్, జీకాంప్రీ: ఆరుగురికి కాదు, అరవై మందికి ఇవ్వండి, అక్క కీ అడిగితే సైటు పేరు చెప్పండి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఈ సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తేవడానికి పూనుకుంది. మండలి, రామభద్ర, గిడుగు వంటి తెలుగు ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో ఎవరైనా దించుకునేలా ఉన్నాయి. అక్షరాల కోసం దొంగ ఫాంట్ల మీద బతికిన కాలం పోయింది. అయితే దీన్ని సర్వరోగనివారిణిగా అమ్మను. మాక్రోలతో నిండిన ఎక్సెల్ ఫైలు లిబ్రేఆఫీస్‌లో సరిగ్గా తెరుచుకోకపోవచ్చు. అను ఫాంట్లలో టైపు చేసిన పాత ఫైళ్ళను, ఆ ఫాంట్లు లేని చోట యూనికోడ్‌లోకి మార్చకుండా చదవలేం. ఇంట్లో ఎవరి పని ఏమిటో చూసి, ఉత్తరాలూ ప్రాజెక్టు రిపోర్టులూ రాసేవాళ్ళకు ఉచితమైనదీ, ఆఫీసు పని తప్పనివాళ్ళకు చందా చోటూ ఇస్తే, ఆరు చోట్లు కొనాల్సిన ఇంటికి రెండు చాలవచ్చు.

చివరి అభ్యంతరం కంపెనీల మీద, అది న్యాయమైనదే. కుటుంబం అంటే ఏమిటో చెప్పడానికి వీళ్ళెవరు? ప్రేమంటే పాస్‌వర్డు పంచుకోవడమేనని 2017లో ట్వీటు పెట్టిన నెట్‌ఫ్లిక్స్, 2023 జూలైలో మన దేశంలోనూ ఇల్లు దాటిన పంపకాన్ని ఆపేసింది. ప్రేమ అర్థం ఆరేళ్ళలో మారిపోయింది. యూట్యూబ్ ప్రీమియం ఫ్యామిలీ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకే. గూగుల్ గ్రూపులో అందరూ ఒకే దేశం వాళ్ళు కావాలి. అమ్మానాన్న విజయవాడలో, అబ్బాయి డాలస్‌లో, అమ్మాయి మెల్‌బోర్న్‌లో ఉన్న కుటుంబాన్ని ఈ నిర్వచనం ముక్కలు చేస్తుంది. ఈ కోపానికి దొంగ చిరునామా మందు కాదు, ఏదో ఒకరోజు తెలుస్తుంది, తెలిసిన రోజున పోయేది అమ్మానాన్నల ఫొటోలే. కనుక పెళ్ళయి అమెరికా వెళ్ళే అమ్మాయిని గ్రూపులోంచి తీసే ముందు ఆమె ఫైళ్ళు కొత్త చోటుకి చేరాయో లేదో చూడండి. పంచుకున్న చోటు పోయాక నిండిపోయిన ఖాతాలో కొత్త మెయిల్ దిగదు, కొన్నాళ్ళకు పాతవీ పోయే ప్రమాదం ఉంది. తొందరపడి గ్రూపులు మార్చకండి. గూగుల్‌లో 12 నెలల్లో ఒక్కసారే మారనిస్తారు, స్టీమ్‌లో బయటికి వచ్చిన పెద్దవాళ్ళు మరో కుటుంబంలో చేరాలంటే పాత కుటుంబంలో చేరిన రోజు నుంచి ఏడాది నిండేదాకా ఆగాలి.

మనిషి పోయినప్పటి సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. ఎవరూ ఇష్టంగా మాట్లాడుకోని విషయమే గానీ, బంతిని నడిపే మనిషి పోతే మిగిలిన అయిదుగురి విస్తళ్ళూ ఒకేసారి లేస్తాయి. గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది. ఖాతా 3 నెలల నుంచి 18 నెలల దాకా మీరు చెప్పినంత కాలం కదలకపోతే, మీరు ముందే పేరు రాసిన 10 మంది వరకు మనుషులకు కబురు, కోరితే డేటా అందుతాయి. ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ ఉంది. ఆ మనిషికి ఫొటోలు వస్తాయి, ఉత్తరాలు వస్తాయి. కొన్న సినిమాలు, పాటలు, చందాలు రావు. అవి వాడుకోవడానికి ఇచ్చిన అనుమతులు, వాటికి వారసులు ఉండరు. ఏ చందా ఎవరి కార్డు మీద ఏ తేదీన పడుతుందో, ఏ గ్రూపుకు ఎవరు మేనేజరో, ఎవరి రికవరీ నంబరు ఎవరి ఫోనో ఒక కాగితం మీద రాసి, ఎల్‌ఐసీ బాండ్లూ బ్యాంకు పాసుపుస్తకాలూ ఉన్న బీరువా అరలో పెట్టండి. పాస్‌వర్డులు మాత్రం అందులో రాయకండి.